ఏ చేపకు ఏ చేప పడుతుంది?
(9వ తరగతి విద్యార్థిని)

వరండాలో పెట్టిన గాజుతొట్టిని మీరందరూ చూశారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచు దాకా పోస్తే 56 లీటర్లు పడతాయి. అడుగున గులకరాళ్ళు వేసి, పైన కొంచెం ఖాళీ వదిలితే 45 లీటర్లకు మించదు. అంటే మనం స్నానానికి పట్టుకునే బకెట్లు మూడు. ఇందులో ఏ చేపలు వేయాలో శనివారం లోపల చీటీ రాసి ఇవ్వమని వార్డెన్ మేడం గారు చెప్పారు. మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, వచ్చే నెల హైదరాబాద్ నుండి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. మళ్ళీ సంక్రాంతికి గాని రాడు. మనం తలా పది రూపాయలు వేసిన డబ్బులు ఒక్కసారికే సరిపోతాయి. చేపలు ఒకదాన్నొకటి తినేస్తే ఇంకో తడవ కొనేది లేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. చీటీ రాసేముందు చదవండి.

మా అన్న లక్డీకాపూల్ దగ్గర ఒక రంగుచేపల దుకాణంలో పని చేస్తాడు. లక్డీకాపూల్ అంటే ఉర్దూలో చెక్క వంతెన. ఇప్పుడు అక్కడ నెత్తి మీద నుండి మెట్రో రైలు పోతది, 2018లో స్టేషన్ వచ్చింది. వేసవి సెలవుల్లో అమ్మతో పోయి పది రోజులు ఉన్నాను. దుకాణంలో తొట్లు మన డార్మిటరీ మంచాల లాగ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చాలా తొట్లలో ఒక్క రకం చేపే ఉంటది. కొనేవాళ్ళు అది గమనించరు. ఎర్రది ఒక జత, నల్లది ఒక జత, చారలది ఒక జత అని వేలు చూపిస్తారు. అక్కడ చేపల్ని జతల లెక్కన అమ్ముతారు మరి. కాని చేపలన్నీ జతగా బతికేవి కావు. జీబ్రా డానియో, టెట్రా లాంటివి గుంపు చేపలు. కనీసం ఆరు ఉండాలి. రెండే వేస్తే భయపడి మూలకు పోతాయి, లేకపోతే పక్క చేపల్ని తరుముతాయి. ఫైటర్ చేప సంగతి దీనికి తిరగబడి ఉంటది. మగవి రెండు ఒక్క తొట్టిలో వేస్తే ఒకటి చచ్చేదాకా కొట్లాడుకుంటాయి. జత అనే లెక్క దుకాణం వాళ్ళకు బాగుంటది, చేపకు కాదు.

6వ తరగతి చెల్లెళ్ళు కొందరు డబ్బులు ఎందుకు, వాగులో నుండి కొరమీను పిల్లల్ని పట్టుకొచ్చి వేద్దామంటున్నారు. వాళ్ళకే ముందు జవాబు చెప్తాను. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు, జూన్ 8 ఆ రోజుల్లో, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం ఇస్తారని రేడియోలో విన్నారు గదా. బత్తిని కుటుంబం వాళ్ళు మందును కొరమీను పిల్ల నోట్లో పెట్టి ఉబ్బసం ఉన్నవాళ్ళ చేత మింగిస్తారు. దాంతో ఉబ్బసం పోతదని డాక్టర్లు ఒప్పుకోరు. ఆ పిల్లల్ని మత్స్యశాఖ వాళ్ళు అక్కడే అమ్ముతారు. వేలంత ఉంటాయి, నల్లగా ముద్దుగా ఉంటాయి. మిగిలిన వాటిని ఇంటికి తీసుకుపోయి అక్వేరియంలో వేసేవాళ్ళు కూడా ఉన్నారట. నెల పోయాక వచ్చి, మా గప్పీలు ఎటు పోయాయో తెలియట్లేదు అంటారని మా అన్న నవ్వుతాడు. ఎటు పోతాయి? కడుపులోకి పోయాయి. కొరమీను వేటాడే చేప. మూరకు పైగా పెరుగుతది. గాలి పీల్చగలదు కాబట్టి తొట్టి మీది నుండి దూకి వరండాలో కూడా పాకుతది. కాని మన వాగులో చూడండి, ఎర్రటి పిల్లలు బంతి లాగ గుంపుగా తిరుగుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి. మా నాన్న ఆ గుంపు కనబడితే గాలం వేయడు. అది చెడ్డ చేప కాదు, మన తొట్టి దానికి చాలదు, అంతే.

ఇక్కడ మొదటి సూత్రం దొరికింది. నోట్లో పట్టేదంతా మేతే. ఏంజిల్ చేప త్రికోణంగా అందంగా ఉంటది, మెల్లగా ఈదుతది, సాధువు అనుకుంటాం. నియాన్ టెట్రా దాని నోట్లో పట్టేంత సన్నంగా ఉంటే మింగుతది. ఆ రెండూ దక్షిణ అమెరికాలో అమెజాన్ వైపు నీళ్ళవే, అక్కడ కూడా ఇదే వరస. ఆస్కార్ గురించి అయితే అడగనే వద్దు. కాబట్టి ఇవాళ ఎంత ఉందని కాదు, పెద్దయ్యాక ఎంత అవుతదని దుకాణంలో అడగాలి. దుకాణంలో ఉండేవన్నీ పిల్లలే.

చిన్న చేపల్లో కూడా గుణాలు వేరు. టైగర్ బార్బ్ అనే చారల చేప పొడుగు రెక్కలు కనబడితే కొరక్కుండా ఉండలేదు. గప్పీ తోక దానికి జడ కుచ్చు లాంటిది. మన క్లాసులో వెనక బెంచీ నుండి జడలు లాగేవాళ్ళు ఎవరో నేను రాయను.

8వ తరగతి వాళ్ళు గోల్డ్ ఫిష్ కావాలంటున్నారు. నాకు కూడా ఇష్టమే. కాని అది చల్లనీళ్ళ చేప, చాలా తింటది, చాలా మురికి చేస్తది. పెరిగితే ఒక్కదానికే మన తొట్టి ఇరుకు. వెచ్చటి నీళ్ళ చేపలతో కలపకూడదు.

నీళ్ళ సంగతి చాలామంది మర్చిపోతారు. మన బోరు నీళ్ళు ఉప్పదనం ఉన్న గట్టి నీళ్ళు, గిన్నెలకు తెల్లపొర కడుతుంది చూడండి. టెట్రాలకు మెత్తటి నీళ్ళు కావాలి. గప్పీ, ప్లాటీ, మాలీలకు గట్టి నీళ్ళే బాగుంటాయి. మరి మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతదో తెలియదు. పోతే గాలి పంపు ఆగుతది. గౌరామి అనే చేప పైకి వచ్చి గాలి మింగుతది, దానికి తలలో ఒక ప్రత్యేక అవయవం ఉంది. కరెంటు పోయిన రాత్రి మిగతావాటి కంటే అది తట్టుకుంటది. చలికాలం కూడా లెక్క వేయాలి. మన దగ్గర తెల్లవారుజామున చెయ్యి నీళ్ళలో పెట్టలేం. జీబ్రా డానియో మన దేశపు చేపే, ఉత్తరాన, ఈశాన్యాన వాగుల్లో ఉంటది, కొంచెం చల్లదనం ఓర్చుకుంటది. హైదరాబాద్ హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో కూడా ఈ చేపల మీద పరిశోధన చేస్తారు. దాని గుండెలో ముక్క పోయినా మళ్ళీ పెరుగుతదని 2002లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు.

తొట్టిలో చేపలన్నీ ఒకే చోట తిరగవు. డానియోలు పైన ఉరుకుతాయి, ప్లాటీలు నడుమ తిరుగుతాయి, గౌరామి ఆకుల చాటున మెల్లగా ఉంటది. పై మంచం వాళ్ళు, కింది మంచం వాళ్ళు వేరైతే కొట్లాట తక్కువ గదా, అట్లనే.

అందుకని నా చీటీ ఇది: జీబ్రా డానియోలు ఆరు, ప్లాటీలు మూడు, గౌరామి ఒక్కటి. ప్లాటీల్లో మగది ఒకటి, ఆడవి రెండు ఉండాలి. మగవి ఎక్కువైతే ఆడదాన్ని తరిమి తరిమి అలసట చేస్తాయి. ప్లాటీ గుడ్లు పెట్టదు, నెలకొకసారి పిల్లల్ని కంటది. కన్న పిల్లల్ని తనే తింటది కూడా, భయపడొద్దు. నాచు గుబురుగా ఉంటే కొన్ని మిగులుతాయి.

సక్కర్ చేప మాత్రం వద్దే వద్దు. గాజు శుభ్రం చేస్తదని అమ్ముతారు. మా ఊళ్ళో దాన్ని దెయ్యం చేప అంటారు. అడుగున్నర దాకా పెరుగుతది, ఒంటినిండా ముళ్ళు. పెరిగాక భరించలేక ఎవరో చెరువుల్లో వదిలారు. ఇప్పుడు ఆంధ్రలో, తెలంగాణలో చెరువుల్లో వలలకు పడి వలలు చింపుతుంది. దాన్ని తినేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు. వల కొనడానికి మా నాన్నకు ఎన్ని రోజుల కూలి పడుతుందో నాకు తెలుసు. కాబట్టి ఏ రంగుచేప అయినా సరే, వద్దనుకుంటే అన్నకు తిరిగి ఇద్దాం గాని వాగులో వేయొద్దు.

ఇంకొక పని ఈ వారమే మొదలుపెట్టాలి. తొట్టిలో నీళ్ళు పోసి, స్పాంజి ఫిల్టర్ నడిపి, రోజూ చిటికెడు మేత వేయాలి. చేపలు లేకుండా మేత ఎందుకని అడుగుతారు. అది కుళ్ళి అమ్మోనియా అవుతది. దాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజిలో పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అవి లేకపోతే చేపల విసర్జనే వాటికి విషం. మొదట డానియోలు మాత్రమే వేసి, ప్లాటీలను, గౌరామిని రెండు వారాలు పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఉంచుదాం. టబ్బు వంటగది పెద్దమ్మ ఇస్తానన్నది. దాంట్లో రోజూ కొన్ని నీళ్ళు మార్చాలి.

అన్న తెచ్చే కవర్లు రాత్రంతా బస్సులో వస్తాయి. విప్పగానే గుమ్మరించకండి. కవరును తొట్టి నీళ్ళ మీద ఇరవై నిమిషాలు తేలనిచ్చి, గ్లాసుతో తొట్టి నీళ్ళు కొంచెం కొంచెం కవర్లో కలిపి, చేపను చిన్న వలతో తీసి వదలాలి. కవర్లో నీళ్ళు మొక్కలకు పోయండి.