మీకు తెలుసా? ఉడుతను తాకకుండా ఉడుత వేట!

ఒక పౌను సీసం, అంటే అర కిలో కంటే కాస్త తక్కువ, కరిగించి పోస్తే 18వ శతాబ్దపు బ్రిటిష్ సిపాయి తుపాకికి దాదాపు 14 గుండ్లు వచ్చేవి. అదే సీసంతో అమెరికాలో కెంటకీ అడవి అంచున ఉండే రైతు తన ఉడుత తుపాకికి వంద పైచిలుకు గుండ్లు పోసుకునేవాడు. ఒక్కోటి కాబూలీ శనగంత, బరువు 4 గ్రాములు. మందు కూడా ఆ మేరకు చిటికెడే. మొదట్లో ఈ తుపాకుల రంధ్రం పెద్దదిగానే ఉండేది. ఎలుగులు, జింకలు తగ్గిపోయి ఉడుతలు, కుందేళ్లే మిగిలాక 19వ శతాబ్దంలో అది సన్నబడింది. సీసం, మందు డబ్బు పెట్టి కొనాల్సినవి మరి!

ఈ తుపాకులకు పుట్టిల్లు పెన్సిల్వేనియా. లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడిన జర్మన్ కమ్మరులు ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో అతికి గొట్టం చేసేవారు. అసలు ఓపిక ఆ తర్వాత కావాలి. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు తీయడానికి కొయ్య చట్రానికి బిగించిన చిన్న ఉలిని చేత్తో లాగుతూ, ఒక్కో గాడిని పదేపదే గీయాలి. గుండు మాత్రం రంధ్రం కంటే కాస్త చిన్నదే. దాన్ని కొవ్వు పూసిన గుడ్డపేలికలో పెట్టి తుపాకి మూతిలోంచి కర్రతో దిగ్గొడతారు. గాడులను పట్టుకుని గుండును గిర్రున తిప్పేది ఆ పేలికే. గురి నిలిచేదీ అందుకే.

అమెరికాలో ఇలాంటి పాతకాలపు తుపాకిని విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1968 నాటి అక్కడి కేంద్ర చట్టం దీన్ని మామూలు తుపాకుల లెక్కలో వేయలేదు. మన దగ్గర ఆ సరదా కుదరదు. లైసెన్సు లేకుండా నాటు తుపాకి చేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. దాంతో కుందేలును కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద మరో కేసు.

ఇక ఆ తాకకుండా కొట్టే విద్య. ఉడుత కూర్చున్న కొమ్మ మీద, సరిగ్గా దాని పొట్ట కిందున్న బెరడుకు గురిపెడతారు. బెరడు పగిలిన అదురుకే ఉడుత చచ్చి ఎగిరిపడుతుంది. మాంసం చెడదు, తోలు చిరగదు. ప్రసిద్ధ వేటగాడు డానియల్ బూన్ ఇలా కొడుతుంటే కెంటకీలో కళ్లారా చూశానని పక్షుల చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ 1831లో రాశాడు. చదవడానికి రసవత్తరంగా ఉంటుంది కానీ తేదీలే అడ్డొస్తాయి. బూన్ 1799లోనే కెంటకీ వదిలి మిస్సోరి వెళ్లిపోయాడు. ఆడుబాన్ కెంటకీ చేరింది 1807లో. అప్పటికి బూన్‌కు డెబ్బై దాటాయి.