చవక పంది ఎక్కడ పెరుగుతుంది?

అపోహ: కూలి చవకైన దేశంలోనే పంది మాంసం చవకగా తయారవుతుంది.

వాస్తవం: డెన్మార్క్‌లో జీతాలు ప్రపంచంలోనే ఎక్కువ స్థాయిలో ఉంటాయి. అయినా అక్కడి పంది మాంసంలో అధిక భాగం విదేశాలకే పోతుంది. యూరప్‌లో పెంపకం ఖర్చు తక్కువున్న దేశాల్లో దానికి ఎప్పుడూ ముందు వరసే. ఎందుకంటే పందిని పెంచే ఖర్చులో సుమారు 60 నుంచి 70 శాతం దాణాదే, కూలి వాటా చిన్నది. కిలో బరువు పెరగడానికి పంది ఎంత తింటోంది, ఒక్కో తల్లి పంది నుంచి ఏడాదికి ఎన్ని పిల్లలు పాలు మానే వయసు దాకా బతుకుతున్నాయి? లాభనష్టాలు తేలేది ఇక్కడే. డెన్మార్క్‌లో ఆ పిల్లల సంఖ్య సగటున 30 దాటి చాలా ఏళ్లయింది. తల్లి మేత, షెడ్డు ఖర్చు అన్ని పిల్లల మీదా పంచితే ఒక్కోదానిపై పడేది కొంచెమే. (అంత పెద్ద ఈతల్లో చచ్చిపోయే పిల్లలూ ఎక్కువే. ఆ విమర్శను తేలిగ్గా తీసేయలేం.)

జీతాల దెబ్బ తగలదా అంటే, తగులుతుంది, కాకపోతే కబేళాలో. డెన్మార్క్ నుంచి ఏటా కోటికి పైగా పందిపిల్లలు ప్రాణాలతోనే పోలండ్, జర్మనీలకు తరలిపోవడానికి అదొక కారణం.

అపోహ: ప్రపంచంలోని పందుల్లో దాదాపు సగం చైనావే కాబట్టి ఖర్చు అక్కడే తక్కువ.

వాస్తవం: చైనా దాణాలో వాడే సోయా చాలావరకు బ్రెజిల్, అమెరికాల నుంచి ఓడల్లో వస్తుంది. అమెరికాలోని అయోవాలో మొక్కజొన్న చేల పక్కనే పెరిగే పందితో చైనా పంది ఖర్చులో పోటీ పడలేదు. 2018 ఆగస్టులో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడి మందలను ఊడ్చేశాక హుబే రాష్ట్రంలోని ఎజౌలో పందుల కోసం 26 అంతస్తుల భవనమే కట్టారు. అంతస్తులు పెరిగితే స్థలం కలిసొస్తుందేమో గాని సోయా ధర తగ్గదు.

అపోహ: దాణా చవకైతే చాలు, మార్కెట్ మనదే.

వాస్తవం: బ్రెజిల్‌లో సోయా, మొక్కజొన్న పుష్కలంగా పండేది మాటో గ్రోసోలో. పంది మాంసం ఎగుమతుల్లో ముందున్నది మాత్రం దక్షిణాన ఉన్న శాంటా కటరీనా. గింజలు లారీల్లో తెచ్చుకోవాల్సి వచ్చినా దానికి రేవులు దగ్గర. పిల్లల్ని, దాణాను కంపెనీ ఇస్తే రైతు పెంచి ఇచ్చే ఇంటిగ్రేషన్ పద్ధతి అక్కడ పాతుకుపోయింది. మన బ్రాయిలర్ రైతులకు ఇదేమీ కొత్త కాదు. అన్నిటికన్నా ముఖ్యం, టీకాల అవసరం లేకుండానే గాలికుంటు లేని ప్రాంతంగా 2007లో దానికి అంతర్జాతీయ గుర్తింపు దక్కింది. జబ్బు భయంతో తలుపులు మూసుకునే దేశాలు దానికి తెరుచుకున్నాయి.

ఆ తలుపు మూసుకుంటే ఏమవుతుందో జర్మనీ చూసింది. 2020 సెప్టెంబరులో పోలండ్ సరిహద్దు దగ్గర చచ్చి పడున్న ఒక అడవిపందిలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తేలింది. అప్పటికి ఫారాల్లో ఒక్క పందికీ జబ్బు లేదు, పెంపకం ఖర్చూ మారలేదు. అయినా చైనా, జపాన్, దక్షిణ కొరియా కొనడం ఆపేశాయి. జర్మన్లు పెద్దగా తినని కాళ్లు, చెవులకు చైనాయే మంచి బేరం. ఆ బేరం పోయేసరికి పంది మొత్తం ధరే పడిపోయింది.