కొత్త రేకుకు రంగు ఎందుకు నిలవదు?

మోటారు సైకిలుకు కొత్త మడ్‌గార్డు కొని, నచ్చిన రంగు వేయించుకుంటారు కొందరు. కొత్తదే కదా అని నేరుగా రంగు కొడితే పెచ్చులుగా ఊడిపోతుంది. ఎందుకంటారా? రేకు తుప్పు పట్టకుండా పూసిన నూనె దానిమీద ఉండవచ్చు. ప్లాస్టిక్‌దైతే, అచ్చులోంచి సులువుగా ఊడి రావటానికి వాడిన మైనమో సిలికోనో పలుచని పొరగా మిగిలి ఉంటుంది. కంటికి కనిపించదు! రేకు మీద నీళ్లు చల్లి చూడండి. తామరాకు మీదలా బొట్లు కడితే జిడ్డు ఉన్నట్లే. పలుచగా పరుచుకుంటే పోయినట్లు.

జిడ్డు తుడిచాకే ఉప్పుకాగితం పట్టాలి. ముందే రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. 400 నంబరు కాగితం గీసిన సన్నని గాట్లలో ప్రైమరు పట్టు దొరకబుచ్చుకుంటుంది. (నంబరు పెరిగినకొద్దీ రేణువులు చిన్నవి.) తర్వాత వేలితో తాకారో, చెమటా జిడ్డూ మళ్లీ అంటాయి!

పాలీప్రొపిలీన్ మాత్రం మహా మొండిది. ఎంత శుభ్రం చేసినా మామూలు ప్రైమరు దానికి సరిగా అంటుకోదు. ముందుగా వేరే పూత వేయాలి.