ఎల్‌ఇడి టీవీ: గదికి తగిన కొలత, కంటికి తగిన వెలుగు

కర్నూలు, కడప పట్టణములందు మధ్యతరగతి గృహములలో పాత గాజుగొట్టపు టీవీ స్థానమున ఎల్‌ఇడి టీవీ వచ్చి చాలకాలమైనది. కొనువారు ధరను, సైజును విచారింతురు గాని, ఆ తెర వెలుగు కంటికి ఎంత తగునని విచారించువారు అరుదు. డబ్బు వృథా కాకుండుటకు, పిల్లల చూపు పదిలముగా నుండుటకు ఈ రెండవ విచారణ అవసరము.

ఎల్‌ఇడి అనగా నేమి?

ఎల్‌ఇడి టీవీ అని మనము పిలుచునది నిజమునకు ఎల్‌సిడి టీవీయే. తెరలోని ద్రవస్ఫటికములకు స్వయముగా వెలుగు లేదు. వెనుకనుండి వచ్చు వెలుగును అవి కిటికీ రెక్కలవలె ఆపుచు, విడుచుచు బొమ్మను కట్టును. పూర్వము ఆ వెలుగు సన్నని ఫ్లోరసెంట్ గొట్టములనుండి వచ్చెడిది. వానిలో కొద్దిగా పాదరసముండెడిది. ఇప్పుడా పనిని చిన్న ఎల్‌ఇడి దీపములు చేయుచున్నవి. ఈ తెల్లని వెలుగుకు మూలమైన నీలి ఎల్‌ఇడిని సాధించినందుకు ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

క్యూఎల్‌ఇడి అనునది ఇదే జాతిలో రంగులు మెరుగుపడిన రకము. ఓఎల్‌ఇడి మాత్రము వేరు. అందులో ప్రతి చుక్కయు తానే వెలుగును.

ప్రయోజనములు

మొదటిది విద్యుత్తు ఆదా. 100 వాట్ల టీవీని దినమునకు 5 గంటలు చూచినచో నెలకు 15 యూనిట్లు కాలును. 50 వాట్ల దానికి ఏడున్నర యూనిట్లు చాలును. కావున వెనుకనున్న వాట్ల సంఖ్యను, నక్షత్రముల ముద్రను చూచి కొనవలెను. వేడి తక్కువ, బరువు తక్కువ, పాదరసము లేదు.

32 అంగుళములకు మించిన టీవీలపై జిఎస్‌టి 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. అంతమాత్రమున చిన్న గదిలో పెద్ద తెర తగదు. కూర్చుండు చోటినుండి గోడకు గల దూరమును ముందుగా కొలువుడు. 5, 6 అడుగులున్నచో 32 అంగుళములు, 7 అడుగులకు 43, 8, 9 అడుగులకు 55 సుమారుగా సరిపోవును. 32 అంగుళముల తెరపై 4కె స్పష్టత దూరమునుండి పెద్దగా తెలియదు. దానికై అదనపు సొమ్ము పెట్టనక్కరలేదు.

మన సీమలో జాగ్రత్తలు

వేసవిలో 40 డిగ్రీలు దాటు ఈ ప్రాంతమున, ఎండకు కాగు పడమటి గోడకు టీవీని బిగింపరాదు. కడప బండ అలమరలో పెట్టినచో చుట్టును గాలి ఆడునట్లు ఖాళీ విడువవలెను. దుమ్మును మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. తెరపై నీరు చల్లరాదు. ఉరుములు మెరుపులు వచ్చునపుడు ప్లగ్గును, డిష్ తీగను తీసివేయుట క్షేమము.

కంటికి మితము

చరకసంహిత ఇంద్రియములు చెడుటకు అతియోగము, అయోగము, మిథ్యాయోగము అను మూడు కారణములు చెప్పినది. మిక్కిలి ప్రకాశించు వానిని అతిగా చూచుట అతియోగము. మరీ దగ్గరగా చూచుట మిథ్యాయోగము. ఎల్‌ఇడి టీవీకి ఈ రెండును వర్తించును. దుకాణములో కొనువారిని ఆకర్షించుటకు కాంతిని హెచ్చుగా పెట్టుదురు. ఇంటికి తెచ్చిన పిదప ‘వివిడ్’ తీసి ‘స్టాండర్డ్’ లేక ‘సినిమా’ పెట్టి కాంతిని తగ్గింపుడు. కంటికి హాయి, కరెంటుకు ఆదా. చీకటి గదిలో చూడక, చిన్న దీపము వెలిగించుకొనవలెను. 20 నిమిషముల కొకసారి 20 అడుగుల దూరమునకు చూపు మరల్చి, రెప్పలు ఆర్పవలెను.

రాత్రి ప్రకాశవంతమైన నీలి వెలుగు నిద్రకు విఘాతము. శయనమునకు గంట ముందే టీవీ ఆపి, అరికాళ్లకు నువ్వులనూనె మర్దించుకొనుడు. పాదాభ్యంగము కంటికి హితమని మన గ్రంథములు చెప్పుచున్నవి. పిల్లలను దినమును ఆరుబయట ఆడనిండు. అది హ్రస్వదృష్టి రాకుండుటకు తోడ్పడును.

పిల్లవాడు ఎంత చెప్పినను తెర దగ్గరకే జరుగుచున్నచో, కన్నులు చికిలించుచున్నచో, గృహవైద్యముతో కాలయాపన చేయక వెంటనే నేత్రవైద్యునిచే పరీక్ష చేయింపవలెను. అది అల్లరి కాకపోవచ్చును. దూరపు చూపు తగ్గినదనుటకు సూచన కావచ్చును.