డాబామీది యాంటెన్నా

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటినప్పుడు, గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానములోని కొబ్బరి తోటలును జీడిమామిడి తోటలును కూకటివ్రేళ్ళతో పెకలిపోవుటయే కాక, శ్రీకాకుళము జిల్లాలో వేలకొలది కరెంటు స్తంభములు నేలకొరిగినవి. అంతకు పదినెలలు నిండకముందు, 2017 డిసెంబరు 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకే ఇంటింటికి ఇంటర్నెట్టు నందింపవలెనను సదుద్దేశముతో, వ్యయము కలిసివచ్చుటకై తన కేబులును భూమిలో పాతక కరెంటు స్తంభములమీదుగనే సాగదీసినది. స్తంభము కూలినచోట తీగ నిలుచుట యెట్లు?

ఆ పథకమును తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. పేదవాని యింటికి చౌకగా ఇంటర్నెట్టు చేర్చుటకు అంతకంటె సులభమైన మార్గము అప్పుడు లేదు. కాని 2013 అక్టోబరు 12న పైలిన్, సరిగా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్, పిమ్మట తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నము సమీపమున గులాబ్ తాకిన యీ తీరమున, తీగ నొక్కదానినే నమ్ముకొనుట క్షేమము కాదని నా దృఢమైన యభిప్రాయము. అవతల టవరుకు కరెంటున్నంతవరకు, తెగుటకు నడుమ తీగయే లేని మార్గ మొకటి కలదు: డాబామీద ఇనుపగొట్టమునకు బిగించిన యాంటెన్నా.

ఇది క్రొత్తవింత యేమియు కాదు. జగదీశ చంద్ర బోసు 1895లోనే కలకత్తాలో విద్యుదయస్కాంత తరంగములను గోడల గుండ పంపి అవతల గంట మ్రోగించి చూపెను. మన రాష్ట్రముననే, ఈ శతాబ్దపు తొలి దశకమున, పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్‌వారు 'అశ్విని' యను పేర, సాధారణ వైఫై యంత్రములకు దిశాయాంటెన్నాలు తగిలించి పల్లెలకు ఇంటర్నెట్టును, వీడియో ద్వారా పాఠములను, వైద్యసలహాలను అందించిరి. 2007లో వెనెజువేలా పర్వతశిఖరముల నడుమ ఇట్టి వైఫై సంకేతము 382 కిలోమీటర్లు పయనించినది. ఇంటిలోని రౌటరు తన శక్తిని నలుదిక్కులకు వెదజల్లుటచే రెండు గోడలు దాటుసరికే క్షీణించును. డిష్ అదే శక్తిని, టార్చిలైటులోని అద్దము వెలుగును కూర్చినట్లు, ఒక్క దిక్కునకు కూర్చును.

అయినను యంత్రముకంటె దారి ముఖ్యము. మన డాబానుండి అవతలి టవరు కంటికి కనబడినంత మాత్రమున చాలదు. తరంగము దారమువలె సన్నగా పోక, నడుమ ఉబ్బిన దీర్ఘాకారమైన చోటు నాక్రమించుకొని పోవును. దీనినే ఫ్రెనెల్ జోను అందురు. 5 కిలోమీటర్ల దూరమున 5.8 గిగాహెర్ట్జ్ తరంగమునకు మార్గమధ్యమున దీని వ్యాసార్ధము సుమారు 8 మీటర్లు. అందులో పదింట ఆరు పాళ్ళైనను, అనగా చూపురేఖకు చుట్టును ఇంచుమించు 5 మీటర్ల మేర, అడ్డులేకుండ నుండవలెను. కవిటి, సోంపేట ప్రాంతములందు నేల చదునైనను కొబ్బరిచెట్లు ఇచ్చటనే అడ్డువచ్చును. పచ్చని ఆకులోని నీరు తరంగమును పీల్చివేయును. వాన కురిసి ఆకు తడిసిన నాడు నష్టము మరింత హెచ్చును. ఈ బ్యాండులో ఇట్టి దూరములకు వానచినుకులవలన కలుగు నష్టము లెక్కింపదగినది కాదు. వాననాడు సంకేతము పడిపోయినచో మొదట చెట్లను శంకింపవలెను. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరు ప్రాంతమున చిక్కు వేరు: కొండకొమ్మున నిలిచిన టవరు ఎన్నో ఊళ్ళకు ఎదురుగా నున్నను, ఆ కొండ వెనుకనున్న పల్లెకు మాత్రము నీడయే మిగులును. అచ్చట ఎంత ఖరీదైన డిష్ తెచ్చినను ప్రయోజనము లేదు. ఇరువైపులకు కనబడు మెరకమీద నడుమ నొక యంత్రము నిలుపవలసినదే.

దారి కుదిరిన పిదప డిష్‌ను గురిపెట్టుటలో ఓర్పు కావలెను. ఒకరు డాబామీద క్లాంపును కొంచెము వదులుచేసి వెంట్రుకవాసి చొప్పున త్రిప్పుచుండగా, మరియొకరు ఫోనులో సంకేతబలము చదివి చెప్పుచుండవలెను. అంకె ముందు ఋణచిహ్న ముండును; మైనస్ 80 కంటె మైనస్ 60 మేలు. మైనస్ 60 అనగా వాట్టులో నూరుకోట్లవ వంతు. అంతటి సూక్ష్మశక్తియే పాఠశాల విద్యార్థికి వీడియో పాఠమును తెచ్చిపెట్టుచున్నదన్న ఆశ్చర్యము కలుగక మానదు. డిష్‌కు ప్రధానకిరణమే కాక ప్రక్కల దుర్బలమైన ఉపకిరణములును కలవు. త్రిప్పగా త్రిప్పగా అంకె పెరిగి మరల తరిగినంతనే, ఇదియే శిఖరమని బోల్టు బిగించినచో, ఆ దొరికినది ఉపకిరణమే కావచ్చును. కావున డిష్‌ను ఇటునుండి అటు పూర్తిగా త్రిప్పి, హెచ్చుతగ్గులన్నియు చూచి, అన్నింటిలో గొప్ప అంకె వచ్చినచోట ఆగి, పిమ్మట పైకి క్రిందికి వంచుచు అట్లే సరిచూడవలెను.

లైసెన్సు సంగతి క్లుప్తముగా చెప్పెదను. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు 2005లోను, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో అధికభాగము 2018 అక్టోబరులోను, నియమితశక్తికి లోబడి, లైసెన్సు లేకయే వాడుకొనుటకు విడుదలైనవి. కాని అవతలినుండి ఇంటర్నెట్టు అమ్మువారికి మాత్రము లైసెన్సుండవలెను. 2023 సెప్టెంబరులో ఆరంభమైన జియో ఎయిర్‌ఫైబర్ వంటివి 5జీ టవరునుండి డాబామీది పెట్టెకు సంకేతము నందించునవి. వానిని కంపెనీవారే వచ్చి బిగింతురు. అప్పుడును పెట్టెను టవరున్న వైపు పిట్టగోడకు పెట్టింపుడు. కేబులు పొదుపునకై మెట్లగది వెనుక బిగింపనీయకుడు.

ధనము వెచ్చింపదలచినచో డిష్‌మీదకంటె గొట్టముమీద వెచ్చింపవలెను. తిత్లీనాటి గాలి 60 సెంటీమీటర్ల వెడల్పుగల నిండు డిష్‌ను సుమారు 40 కిలోల బలముతో నెట్టును. గాలివేగము రెట్టింపైన ఆ త్రోపు నాలుగురెట్లగును. జల్లెడవలె కన్నములున్న గ్రిడ్ డిష్ దీనిని చాలవరకు తగ్గించును. మందమైన జి.ఐ. పైపును పిట్టగోడకు రెండుచోట్ల క్లాంపులతో బిగించి, మూడు దిక్కుల స్టే వైర్లు లాగి, పైపునుండి రాగితీగను ఎర్తింగు గుంతకు దింపవలెను. యంత్రమునకు కరెంటును ఇంటర్నెట్టును ఒక్క కేబులులోనే నడచును గనుక, ఆ కేబులు గోడలోనికి ప్రవేశించుచోట ముందుగా క్రిందికి వంచి, నీరు ఆ వంపునుండి కారిపోవునట్లు చేయుట మరువరాదు. ఉరుములు వినబడగనే దాని అడాప్టరును ప్లగ్గునుండి తీసివేయుడు. కడలిచెంత ఊళ్ళలో ఉప్పుగాలి బోల్టులను త్వరగా తినివేయును. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులకు పెట్టిన పైకము వృథా పోదు.

ఈ తీరవాసులకు నా మనవి యిది: ఏటేట ఆగస్టులోనే యొకమారు డాబా యెక్కి, బోల్టులు బిగించి, తుప్పుపట్టిన స్టే వైరును మార్చి, ఎదుటి తోటలో చెట్లెంత పెరిగినవో చూచుకొనుడు. తుపాను హెచ్చరిక వచ్చినచో గాలి మొదలుకాకముందే డిష్‌ను దించుకొనుడు. మొదలైన పిదప ఎవ్వరిని దానికొరకు పైకి పోనీయకుడు.