ముక్కు ఎగబీల్చే అతనికి చెప్పాలా, వద్దా?

సెకండ్ మిడ్స్‌కి రెండు రోజుల ముందు సంగతి. లైబ్రరీ రీడింగ్ హాల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం తెరిచి కూర్చున్నా. డెడ్‌లాక్ చాప్టర్. వెనక బల్ల దగ్గర ఒకతను ముక్కు ఎగబీలుస్తున్నాడు. ఒకటి రెండు సార్లయితే పట్టించుకునేవాణ్ణి కాదు. ఆగట్లేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టా, అదే నేను చేసిన మొదటి తప్పు. నిమిషానికి ఆరు. మధ్యమధ్యలో గొంతు సవరించుకోవడం. పావుగంట గడిచినా బ్యాంకర్స్ అల్గారిథమ్‌లో ఒక్క స్టెప్పు బుర్రకెక్కలేదు. అతని ముక్కు మాత్రం ఎప్పుడు మోగుతుందో సెకన్లతో సహా చెప్పగలిగే స్థితికి వచ్చా.

చివరికి వెనక్కి తిరిగి, హాలంతా వినపడేలా అనేశా. "బ్రో, జలుబైతే రూమ్‌లో పడుకో. లేదంటే ముక్కు తుడుచుకో. ఇక్కడ చదువుకునేవాళ్ళున్నారు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను "సారీ" అని పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు చాలా హాయిగా అనిపించింది. అందరూ అనుకుంటున్నదే నేను ధైర్యంగా అన్నానని కూడా అనుకున్నా.

వారం తర్వాత జిరాక్స్ షాపు దగ్గర లైన్లో నా ముందు అతనే ఉన్నాడు. జూనియర్ అని అప్పుడే తెలిసింది. నన్ను గుర్తుపట్టాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి "జలుబు తగ్గిందా?" అన్నా.

"అది జలుబు కాదన్నా. చిన్నప్పటి నుంచీ ఉంది. టిక్ అంటారు. కాసేపు ఆపుకోగలను. కానీ ఆపుకుంటూ చదివితే ఏమీ ఎక్కదు."

"మరి ఇప్పుడు రీడింగ్ హాల్‌కి రావట్లేదా?"

"రూమ్‌లో నలుగురం కదన్నా. వాళ్ళు పడుకున్నాక మెట్ల మీద కూర్చుని చదువుతున్నా."

నన్ను తిట్టి ఉంటే ఎలాగోలా సర్దుకునేవాణ్ణి. అతను మామూలుగా చెప్పాడు. అలా అనిపించుకోవడం అలవాటైపోయినవాళ్ళు చెప్పినట్టు. అప్పటి నుంచి ఈ విషయం గురించి దొరికిందల్లా చదివా. ఈ వ్యాసం రాస్తానని అతన్ని అడిగా. రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

అతని వైపు నుంచి

టిక్ అంటే హఠాత్తుగా, పదే పదే వచ్చే చిన్న కదలిక లేదా శబ్దం. కళ్ళు టపటపలాడించడం, భుజం ఎగరేయడం, ముక్కు ఎగబీల్చడం, గొంతు సవరించుకోవడం అన్నీ ఇందులో ఉంటాయి. ఇలాంటి కదలికలు ఒకటి కంటే ఎక్కువ, వాటితో పాటు కనీసం ఒక శబ్దం, పద్దెనిమిదేళ్ళ లోపు మొదలై ఏడాదికి పైగా ఉంటే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో జిల్ ద లా టూరెట్ అనే ఫ్రెంచి డాక్టరు ఇలాంటి తొమ్మిది మంది గురించి రాశాడు, అందుకే ఆ పేరు. సినిమాల్లో చూపించే బూతులు తిట్టే రకం కొద్దిమందిలోనే ఉంటుంది. ఎక్కువమందిలో ఉండేది ఈ ముక్కు, ఈ గొంతు, ఈ రెప్పలే. అందుకే మనం దాన్ని జబ్బు అనుకోం, పెంపకం అనుకుంటాం.

నాకు బాగా అర్థమైన పోలిక ఒకటుంది. రెప్ప వేయకుండా ఉండి చూడండి. కాసేపు ఉండగలం. కానీ ఆ కాసేపూ మనసంతా రెప్ప మీదే ఉంటుంది, చివరికి వేయక తప్పదు. టిక్ ముందు కూడా అలాంటి ఒక ఒత్తిడి పుడుతుందట, చేస్తే గానీ అది దిగదు. ఇంకొకటి, టెన్షన్ పడితే టిక్‌లు పెరుగుతాయి. అంటే పరీక్షల ముందు రోజు, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో, ఎవరో వెనక్కి తిరిగి కోపంగా చూస్తుంటే అతనికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నా చూపే ఆ శబ్దాన్ని పెంచి ఉండొచ్చు.

నా వైపు నుంచి

అలాగని నా చిరాకు అబద్ధం కాదు. దానికీ ఒక పేరుంది, మిసోఫోనియా. 2001లో జాస్ట్రెబాఫ్ దంపతులు గ్రీకు మాటలతో పెట్టిన పేరు, శబ్దం మీద ద్వేషం అని అర్థం. నమలడం, చప్పరించడం, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టిక్కుటిక్కుమనిపించడం లాంటి చిన్న శబ్దాలకి కొందరికి ఒళ్ళు మండిపోతుంది. 2017లో ఇంగ్లండులోని న్యూకాసిల్ యూనివర్సిటీకి చెందిన సుఖ్‌బిందర్ కుమార్ బృందం ఇలాంటివాళ్ళ మెదడుని స్కాన్ చేసింది. అలాంటి శబ్దాలు విన్నప్పుడు యాంటీరియర్ ఇన్సులా అనే భాగం మిగతావాళ్ళలో కంటే ఎక్కువగా స్పందించింది, గుండె వేగం కూడా పెరిగింది. కాబట్టి "నువ్వు పట్టించుకోకు, అంతే" అనే సలహా అందరికీ పనిచేయదు.

నాకు మిసోఫోనియా ఉందని కాదు. ఆ రోజు నాకున్నది మిడ్స్ భయం. కానీ అక్కడ ఇద్దరి శరీరాలూ ఇద్దరి మాటా వినలేదని మాత్రం ఇప్పుడు ఒప్పుకుంటా.

మరి నేను అతన్ని మొరటువాడు అని ఎందుకు అనుకున్నా? దీనికీ ఒక పేరు దొరికింది. 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. ఎదుటివాడు ఏదైనా చేస్తే అది వాడి గుణం అనుకుంటాం, వాడి పరిస్థితి ఏమిటో చూడం. మన దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క మారిపోతుంది. నేను క్లాసుకి లేటుగా వస్తే ట్రాఫిక్, వాడు లేటుగా వస్తే బద్ధకం.

నా కాలు సంగతి

ఇప్పుడు నా గుట్టు. నేను కూర్చుంటే కుడికాలు ఊపుతా. ఊపుతున్నానని నాకే తెలీదు. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఎన్నిసార్లు తొడ మీద కొట్టిందో. "కూర్చుని కాళ్ళూపితే ఇంట్లో లక్ష్మి నిలవదురా" అనేది. 2016లో అమెరికాలోని మిస్సోరి యూనివర్సిటీవాళ్ళు కొందరిని గంటల తరబడి కూర్చోబెట్టి, ఒక కాలు ఊపమని, రెండోది కదపొద్దని చెప్పి చూశారు. ఊపిన కాలిలో రక్త ప్రసరణ బాగుంది. ఎగిరి గంతేసి అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పా. "రక్తం నీదేరా, బల్ల అందరిదీ" అంది.

మెటికలు విరవడం కూడా ఇంతే. కీళ్ళు అరిగిపోతాయని పెద్దవాళ్ళు భయపెడతారు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు వాళ్ళమ్మ మాట నిజమో కాదో తేల్చాలని యాభై ఏళ్ళ పాటు ఎడమ చేతి మెటికలే విరిచి, కుడి చేతివి వదిలేసి, 1998లో ఆ సంగతి ఒక వైద్య పత్రికకి రాశాడు. రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం కాబట్టి దాన్నే రుజువు అనలేం కానీ, "నీ ఆరోగ్యం కోసమే చెబుతున్నా" అని తెలియనివాళ్ళ మెటికల్లో వేలు పెట్టే ముందు ఆయన్ని ఓసారి తలుచుకోవచ్చు.

అసలు ఏది అసహ్యం, ఏది కాదు అనేది కూడా ఊరిని బట్టి మారుతుంది. జపాన్‌లో నలుగురిలో గట్టిగా చీదడం తప్పు, ఎగబీల్చుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. అమెరికాలో దీనికి తలకిందులు. మన ఇళ్ళల్లో భోజనం అయ్యాక తాతయ్య బ్రేవ్‌మని త్రేనిస్తే వండినవాళ్ళకి తృప్తి. అదే త్రేనుపు క్యాంపస్ ఇంటర్వ్యూలో వస్తే ఆఫర్ లెటర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అయితే మనవాళ్ళకి ఒక మంచి పద్ధతి ఉంది. తుమ్మితే "చిరంజీవ" అంటారు, ఆవలిస్తే నోటి దగ్గర చిటికె వేస్తారు. ఒంటికి దాని పని అది చేసుకోవాల్సి వస్తుందని ముందే ఒప్పుకున్నట్టు ఉంటుంది నాకు.

మరి చెప్పాలా?

సీఎస్ఈ వాణ్ణి కాబట్టి ఇఫ్-ఎల్స్ లేకుండా ఆలోచించలేను. నేను పెట్టుకున్న ప్రశ్నలు మూడు.

మొదటిది, ఇది హానా, చిరాకా? బస్సు కిటికీలోంచి పాన్ మసాలా ఉమ్మితే వెనక కిటికీవాళ్ళ మొహాన పడుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మన మీదకి దగ్గితే ఆ తుంపరలు మన ఊపిరితిత్తుల్లోకే. ఇవి హాని. చెప్పాలి. రైల్వే స్టేషన్లో ఉమ్మితే 500 రూపాయల వరకు జరిమానా వేయొచ్చని 2012 నుంచీ రూలే ఉంది. ముక్కు, మెటికలు, గోళ్ళు కొరకడం, నా కాలు, ఇవి చిరాకు. చిరాకైతే రెండో ప్రశ్నకి వెళ్ళాలి.

రెండోది, నేను లేచి వెళ్ళగలనా? ఆ రోజు రీడింగ్ హాల్లో పదకొండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. జిరాక్స్ షాపు నుంచి వచ్చాక గుర్తు చేసుకుని లెక్కపెట్టా. నా బ్యాగులో ఇయర్‌ఫోన్స్ కూడా ఉన్నాయి. నాకు కావాల్సింది నిశ్శబ్దమే అయితే లేచి వెళ్ళేవాణ్ణి. నాకు అతన్ని అనడం కావాలి.

మూడోది, ఆపడం అతని చేతిలో ఉందా? దీనికి సమాధానం బయటినుంచి చూస్తే తెలీదు. తెలీనప్పుడు లేదనే అనుకుని మాట్లాడితే నష్టం తక్కువ. ఒకవేళ అతనిది ఉత్త అలవాటే అయినా, మర్యాదగా అడిగితే మనకి పోయేదేమీ లేదు.

ఇది మా క్లాస్‌మేట్‌కి చదివి వినిపిస్తే తను ఒక బ్రాంచ్ కలపమంది. "బస్సులో పక్కవాడు కాళ్ళు బార్లా చాపి మీద మీదకి వస్తుంటే అది అలవాటు అని మీ లిస్టులో పెట్టకు. దానికి ఈ మూడు ప్రశ్నలూ అక్కర్లేదు. ఇంకో సంగతి, అదే మాట నువ్వు చెబితే సలహా, మేం చెబితే గొడవ." నిజమే. వేళ కాని వేళ, తాగి ఉన్నవాడు, ఖాళీ కంపార్ట్‌మెంట్ లాంటి చోట్ల ఎవరూ ధైర్యం చూపించనక్కర్లేదు. కండక్టరుకో, పక్కవాళ్ళకో చెప్పడం పిరికితనం కాదు.

ఎలా చెప్పాలి?

ఇది నాకు నేర్పింది ఒక పెద్దావిడ. విశాఖ నుంచి సెకండ్ సిట్టింగ్‌లో వస్తున్నా. సామర్లకోట దాటాక నా వైపు వంగి మెల్లగా అంది. "నాయనా, ఏమీ అనుకోకు. నువ్వు కాలు ఊపుతుంటే సీటంతా కదిలి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కాసేపు ఆపుతావా?"

వెంటనే ఆపా. సిగ్గు కూడా వేయలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆవిడ నా గురించి ఒక్క మాట అనలేదు. తన కళ్ళు తిరగడం గురించి చెప్పింది. నాకు తప్ప ఎవరికీ వినపడకుండా చెప్పింది. "కాసేపు" అంది. మళ్ళీ మర్చిపోయి ఊపితే తిట్టలేదు, వేలితో సీటు మీద చిన్నగా తట్టింది. రాజమండ్రిలో పల్లీలు కొని నాకూ పెట్టింది.

ఈ మధ్య బస్సులో ముందు సీటు పెద్దాయన కిటికీ తెరిచి ఉమ్మబోతుంటే అదే ప్రయత్నించా. "బాబాయ్, వెనక కిటికీ దగ్గర చిన్నపాప ఉంది. స్టాప్ వచ్చేస్తోంది, దిగాక ఉమ్మండి" అన్నా. ఆయన నా వైపు చూసిన చూపులో ఆప్యాయత ఏమీ లేదు. కానీ కిటికీ మూశాడు. స్టాప్ వచ్చేదాకా బుగ్గ నింపుకునే కూర్చున్నాడు. ప్రతిసారీ ఇలా జరుగుతుందని చెప్పను. జరగకపోతే రెండోసారి వాదించకూడదని మాత్రం అనుకున్నా.

మన భాషలో తెలియనివాళ్ళని కూడా అన్నా, అక్కా, బాబాయ్, అమ్మా అని పిలవొచ్చు. ఆ పిలుపు తర్వాత తిట్టు రావడం కొంచెం కష్టం. నేను ఆ రోజు "బ్రో" అన్నా. అదీ వరసే కదా అనొచ్చు. కానీ నేను అన్న తీరులో వరస లేదు.

పోయిన వారం అతని బ్లాక్‌కి వెళ్ళి సారీ చెప్పా. అందరి ముందూ అన్నాను కాబట్టి అతని రూమ్మేట్స్ ముందే చెప్పా. "పర్లేదన్నా" అన్నాడు. రీడింగ్ హాల్‌కి రమ్మని అడిగితే "చూస్తా" అన్నాడు. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. గురువారం సాయంత్రం తలుపు దగ్గరి బల్ల మీద బ్యాగు పెట్టి కూర్చున్నాడు, అవసరమైతే వెంటనే లేచి వెళ్ళడానికి వీలుగా. ముక్కు మోగింది. ముందు బల్ల నుంచి ఒకడు వెనక్కి తిరగబోయాడు. వాడితో మెల్లగా "అన్నా, ఇటు ఫ్యాన్ కింద ఖాళీ ఉంది, రా" అన్నా. వచ్చి కూర్చున్నాడు.

ఐదు నిమిషాలయ్యాక నన్ను మోచేత్తో పొడిచాడు. బల్ల ఊగుతోందట.