బర్మా నెమలికి ఆ రంగులెక్కడివి?

నెమలీకలో ఉండే రంగును తీసి బట్టలకు అద్దవచ్చా అని పాఠకులు అడుగుతూనే ఉంటారు. ఈకను పుస్తకంలో దాచి పిల్లలు పెడుతుందని ఎదురుచూసే చిన్నవాళ్లను ఏమీ అనలేం. మగనెమలి కన్నీళ్లు తాగి ఆడనెమలి గర్భం దాలుస్తుందని పెద్దవాళ్లు చెబుతుంటే మాత్రం ఒళ్లు మండుతుంది. నెమలి కూడా కోడిలాగే జతకట్టి గుడ్లు పెడుతుంది.

ఈకను కల్వంలో వేసి మెత్తగా నూరి చూడండి. మిగిలేది గోధుమరంగు కలిసిన నల్లపొడి. అందులో నీలం, పసుపు వెతికినా దొరకవు. ఉన్న రంగుపదార్థం మెలనిన్ ఒక్కటే, మన జుట్టును నల్లగా ఉంచేదే.

మరి ఆ మెరుపు? జవాబు బర్మా నెమలి దగ్గర దొరికింది. మన నెమలికి మెడ నీలం, దానికి మెడ కూడా ఆకుపచ్చే. బర్మా రాజు మిండన్ వెండి నాణేల మీద, మనవాళ్లు రంగం అని పిలిచిన యాంగాన్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం జెండా మీద ఉన్నది ఈ పక్షే. షాంఘైలోని ఫూడాన్ విశ్వవిద్యాలయ బృందం దీని ఈకలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి 2003లో వివరాలు ప్రచురించింది. ఈకపోగుల పైపొర కింద మెలనిన్ కడ్డీలు చదరంగపు గళ్లలా వరసలు తీరి ఉన్నాయి, మధ్యలో గాలి గుంటలు. వరసల ఎడం నీలం చోట 140 నానోమీటర్లు, ఆకుపచ్చ చోట 150, పసుపు చోట 165. వెంట్రుక మందంలో ఇలాంటి ఎడాలు అయిదొందలు పడతాయి. ఈ అమరికనే ఫోటానిక్ స్ఫటికం అంటారు.

అట్లతద్ది ఉయ్యాల తలచుకోండి. ఊపు వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణానికే తోస్తే ఉయ్యాల చింతకొమ్మను తాకుతుంది. వేళ తప్పి తోస్తే ఒక తోపు ఇంకో తోపును చంపేస్తుంది. ఈకలో ఒక్కో వరసా కాస్త వెలుగును వెనక్కి తోస్తుంది. ఆకుపచ్చ చోట రెండో వరస నుంచి వచ్చే వెలుగు రానూపోనూ 300 నానోమీటర్లు ఎక్కువ నడవాలి. ఈక పదార్థమైన కెరటిన్‌లో, మెలనిన్‌లో వెలుగు నెమ్మదిస్తుంది కనుక అది గాలిలో 500 పైచిలుకు నడకతో సమానం. ఆకుపచ్చ తరంగం పొడవూ అంతే! అందుకే ఆ ఒక్క రంగుకే తోపులన్నీ కలిసొస్తాయి. తోసేవాళ్లు పదిమంది ఉంటే వేళ తప్పిన రంగుకు చోటే లేదు. నలుగురే ఉంటే పొరపాట్లు సాగిపోతాయి. బర్మా నెమలి గోధుమరంగు పోగుల్లో వరసలు నాలుగే. అక్కడ పొర పైతలానికీ కింది తలానికీ మధ్య వెలుగు ఇటూ అటూ తిరిగి నీలాన్ని కూడా వెనక్కి పంపుతుంది. వరసలు పంపే రంగూ ఈ నీలమూ కలిసి గోధుమగా కనిపిస్తాయి.

ప్రతి మెరుపు ఈకా ఇలాంటిదే కాదు. విశాఖపట్నంలో చదువుకుని, 1909లో కరెన్సీ అధికారిగా రంగూన్‌కు బదిలీ అయిన సి.వి. రామన్, 1934లో పాలపిట్ట ఈకల నీలం మీద వ్యాసం రాశారు. దసరానాడు మనం వెతుక్కునే ఆ పక్షిలో వరసలు లేవు, స్పాంజి లాంటి సన్నని గాలి గుంటలున్నాయి. నాకు అదే ఎక్కువ ముచ్చట.

మళ్లీ నెమలి గోధుమ పోగు దగ్గరికి వద్దాం. అక్కడ రెండు తలాల మధ్య వెలుగు తిరిగినట్టే, ఎదురెదురు అద్దాల మధ్య వెలుగును నిలపడం భౌతికశాస్త్రవేత్తలు ఫాబ్రీ, పెరో 1899లోనే చూపించారు. వరసల స్ఫటికంతోనే ఆ అద్దాలు కట్టవచ్చన్న దారి 1987లో యాబ్లొనోవిచ్, సజీవ్ జాన్ విడివిడిగా వేశారు. స్ఫటికంలో కావాలని ఒక లోపం పెడితే చాలు, వెలుగు అక్కడ చిక్కుకుంటుంది. క్యోటోలో నోడా బృందం 2003లో సిలికాన్ రేకులో రంధ్రాలు వరసగా పొడుస్తూ మూడింటిని వదిలేసి, ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న రంధ్రాలను కాస్త బయటికి జరిపింది. ఆ గూడు ఒకే తరంగాన్ని పట్టి ఉంచి మిగతావాటిని పోనిస్తుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కలిసి వచ్చే రంగులను విడదీయడానికి కావలసింది ఇదే.

అణువులను పసిగట్టడానికీ ఈ గూడే పనికొస్తుంది. ఉయ్యాల ఎక్కింది బక్కపిల్లా బొద్దుపిల్లా అన్నదానితో ఊపువేళ మారదు, తాడు పొడవుతోనే మారుతుంది. గూటి దగ్గర ఒక ప్రొటీన్ అణువు అంటుకుంటే వెలుగుకు ఆ తాడు పొడవైనట్టే. చిక్కిన రంగు ఇసుమంత ఎరుపు వైపు జరుగుతుంది. 1665లో రాబర్ట్ హుక్ నెమలీకను నీటితో తడిపితే మెరుపు పోయింది. గుంటల్లో గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే లెక్క తప్పుతుంది. సెన్సర్ చిప్పులు కొలిచేది ఆ తప్పునే, దానికి అంకె వేసి.